మెట్టకూరు రోడ్డు మీద మా అత్తగారు

యానాం నుంచి ఫ్రెంచివాళ్ళు వెళ్ళిపోయిన కొత్తలో నేను అక్కడి బడిలో పంతులమ్మగా చేరాను. ఆ ఏడు వరదకు అడవిపొలం అనే పేటలో చాలా గుడిసెలు కొట్టుకుపోయాయి. గుడిసెలు పోయినవాళ్ళ కోసం దారి పొడవునా చందాలు అడుగుతూ కాకినాడ దాకా సైకిళ్ళ మీద వెళ్ళాలని మా బడివాళ్ళం అనుకున్నాం. నేనూ వస్తానన్నాను. అప్పటికి నాకు సైకిలు తొక్కడం సరిగ్గా రాదు.

రోజూ సాయంత్రం మెట్టకూరు రోడ్డు మీద నేను తొక్కుతుంటే మా అత్తగారు వెనక క్యారియర్ పట్టుకుని పరుగెత్తేవారు. ఒకరోజు ఆవిడ చెయ్యి వదిలేశారు. సంబరంగా తొక్కుకుంటూ సంత నుంచి వస్తున్న జనం మధ్యకు వచ్చేసరికి నా కుచ్చిళ్ళు చైనులో చుట్టుకుపోయాయి. సైకిలుతో సహా పడ్డాను. చీర సగం ఊడిపోయింది. లేద్దామంటే చైను వదలదు.

"పంతులమ్మ పడిందిరోయ్!" అని ఎవరో అరిచారు. అందరూ నవ్వారు. నాకు ప్రాణం చచ్చిపోయినట్టయింది.

అత్తగారు రొప్పుతూ వచ్చి తన పైటచెంగు నాకు అడ్డంగా పట్టుకుని నిలబడ్డారు.

"ఏంటలా చూత్తన్నారు? మీ ఇళ్ళల్లో ఆడోళ్ళు లేరా? అటు తిరగండి!"

నవ్వులు ఆగిపోయాయి. ఆవిడ కింద కూర్చుని నా చీర కుచ్చిళ్ళు పరపరా చింపి నన్ను విడిపించారు.

"నా వల్ల కాదత్తయ్యా, ఇంటికెళ్ళిపోదాం," అని ఏడ్చాను.

"ఇప్పుడు నడిచి ఇంటికెల్తే మరింకెప్పుడూ ఎక్కవు. చీర ఎగ్గట్టి ఎక్కమ్మా, నేను పట్టుకుంటాను."

ఏడుస్తూనే ఎక్కాను. తరవాత బడివాళ్ళతో కాకినాడా చేరాను.

ఆవిడ ఇప్పుడు లేరు. నేను కాకినాడ దాకా సైకిలు తొక్కానని మావాళ్ళు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. ఆ సాయంత్రం అంతమంది ముందు నన్ను మళ్ళీ సైకిలెక్కించింది మా అత్తగారని మాత్రం వాళ్ళెవరికీ తెలియదు. అది చెప్పాలనే ఇది రాశాను.