తీజ్ బుట్టలో రెండాకుల మొలక

మునగాల చుట్టుపక్కల వరిపొలాల్లో జమ్లీ నడవని గట్టు లేదు. కలుపు తీసే ముఠాకు ఆమె పెద్ద. పదిహేను మంది ఆడవాళ్ళను వెంటేసుకుని ఒక వారం గరిడేపల్లి, ఇంకో వారం అనంతగిరి, పని ముమ్మరమైతే ట్రాక్టరెక్కి మిర్యాలగూడ దాకా పోయేది. బురదలో చెయ్యి పెట్టి, చూడకుండానే, ఇది వరి, ఇది ఊదగడ్డి అని చెప్పేది. లేతగా ఉన్నప్పుడు వరీ ఊదా అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. నాలాంటి వ్యవసాయ శాఖ ఉద్యోగి కళ్ళజోడు పెట్టుకుని చూసినా పొరబడతాడు.

నేను పొరబడ్డాను కూడా. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ ముఠాకు కలుపు గురించి పాఠం చెప్పబోయి, ఇదిగో ఊద అంటూ ధీమాగా వరిమొక్కను పీకి చూపించాను. పదిహేను మందీ కొంగులు నోట్లో కుక్కుకున్నారు. జమ్లీ మాత్రం నవ్వలేదు. నా చేతిలోంచి ఆ మొక్క తీసుకుని మళ్ళీ బురదలో నాటి, నా మొహం చూడకుండా ముందుకు వంగింది. ఆ రోజు నుంచి నాకు ఆమె అంటే కాస్త భయం, బోలెడంత కుతూహలం.

ఎనభై ఎనిమిది జూన్‌లో ఆమె మా ఆఫీసు గుమ్మంలోకి వచ్చి, పాతగుడ్డలో చుట్టి తెచ్చిన మొక్కను బల్ల మీద పెట్టింది. నడుము దాకా ఎదిగిన మొక్క, మాచిపత్రిలా చీలిన ఆకు, బియ్యపు నూకల్లాంటి తెల్లటి పూలు. ఇన్నేళ్ళ కలుపుపనిలో ఇలాంటిది తన చేతికి ఎన్నడూ రాలేదని, పోయిన ఏడాది నాలుగు కనిపించాయని, ఈ ఏడు తన లంబాడీ తండా చెరువు గట్టు తెల్లబడిందని చెప్పింది. దాన్ని పీకిన ఇద్దరు ఆడవాళ్ళకు మోచేతుల దాకా దద్దుర్లు లేచాయట. చేతులు పోతే కలుపు ముఠాకు ఇంకేముంటుంది?

నాకు పట్టరాని సంతోషమైంది. కీడు మొక్కను చూసి సంతోషమేమిటని అడక్కండి. నాకు ఖాయంగా తెలిసిన మొక్క అదొక్కటే. దాని పేరు వయ్యారిభామ. సముద్రాలు దాటి పరాయి దేశం నుంచి వచ్చింది, ధాన్యంలో కలిసి ఊళ్ళు తిరిగింది, ఒక్క మొక్క వేలకొద్దీ గింజలు రాలుస్తుంది, గాలి మోసుకుపోతుంది. అరగంట ఉపన్యాసం దంచాను. ఆమె అంతా విని ఒక్క ప్రశ్న వేసింది.

"గాలి మోస్తే అన్ని దిక్కుల మొలవాలె గద సారూ. గరిడేపల్లిల ఒక్కటి గూడ లేదు. మా చెరువు కాడ్నే ఎందుకున్నది?"

విచారిస్తానన్నాను. సర్కారు ఉద్యోగి విచారిస్తానన్నాడంటే ఆ సంగతి అటకెక్కినట్టే. అది ఆమెకూ తెలుసు కాబట్టి తానే విచారించుకుంది. పనికి ఎక్కడికి పోతే అక్కడ దారి పక్కన, చెరువు కట్ట మీద చూసుకుంటూ పోయింది. సాయంత్రాలు ఇంటికి పోయే దారిలో మా ఆఫీసు ముందు ఆగి, లోపలికి రాకుండా కిటికీలోంచే చెప్పేది. సూర్యాపేటలో లారీలు నిలిచేచోట ఉంది. కోదాడ దాటే దారిలో ఉంది. మిర్యాలగూడ పొలాల్లో లేదు. అనంతగిరిలో లేదు. తన తండాలో మాత్రం మూడు చోట్ల ఉంది: బెజవాడ రోడ్డు మీద దాబా వెనక, తండా పెద్ద అయిన నాయక్ ఇంటి ముందు, చెరువు కట్ట మీద.

నేనూ ఊరుకోలేదు. ఆమె తెచ్చిన మొక్కను పూలతో సహా ఎండబెట్టి చేతిసంచిలో పెట్టుకుని, మోపెడ్ మీద ఊరూరా తిరిగి రైతులకు చూపించాను. గరిడేపల్లిలో చింతచెట్టు కింద మీటింగు పెట్టి, అందరికీ కనపడేలా ఊపి ఊపి మరీ చెప్పాను. రైతులు చప్పట్లు కొట్టారు. అంత బాగా నేను ఎప్పుడూ మాట్లాడలేదు.

పది రోజుల తర్వాత జమ్లీ పరుగులాంటి నడకతో వచ్చింది. ఈసారి కిటికీ దగ్గర ఆగలేదు. దొరికింది సారూ, అంది. ఆ మూడు చోట్లనూ కలిపేది తీజ్ పండగ.

తీజ్ లంబాడీల్లో పెళ్ళికాని ఆడపిల్లల పండగ. శ్రావణంలో బుట్టల్లో పుట్టమన్నూ మేక ఎరువూ నింపి గోధుమలు చల్లి, నాయక్ ఇంటి ముందు మంచె మీద పెడతారు. తొమ్మిది రోజులు పాడుతూ నీళ్ళు పోస్తారు. మొలకలు ఎంత ఏపుగా వస్తే తండాకు అంత మేలు. తొమ్మిదో రోజు చెరువులో కలిపేస్తారు. ఆ తండాలో ఒక పట్టింపు కూడా ఉంది. తీజ్ గోధుమలు కొనకూడదు, అడిగి తేవాలి. అడిగి తెచ్చినవాటిని చెరగకూడదు, జల్లించకూడదు. ఇచ్చినవాళ్ళ చేతిని అవమానించినట్టవుతుంది. ఈ వరిదేశంలో గోధుమలు ఎవరి ఇంట్లో ఉంటాయి? దాబా దగ్గర ఆగే లారీలను అడుగుతారు. ఉత్తరాది నుంచి వచ్చిన డ్రైవర్లు ఆడపిల్లలు అడిగారని మురిసిపోయి, లారీ అడుగున రాలిన గింజలు ఊడ్చి ఒళ్ళో పోస్తారు. ఆ ఊడ్చినదాంట్లో ఏముందో దేవుడికెరుక.

దాబా, మంచె, చెరువు! నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. కాలేజీలో ఏ మాస్టారూ చెప్పని లెక్క, బడి మొహం చూడని మనిషి కాళ్ళతో నడిచి కట్టింది. ఆ ఉత్సాహంలో నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ చెంపలు వేసుకోవాలనిపిస్తుంది. అప్పటికప్పుడు తండాకు పోయి, నాయక్ బాల్యా ముందు నిలబడి, మీ పండగే ఈ దరిద్రాన్ని తెచ్చిందని చెప్పేశాను.

బాల్యా మంచివాడే, కానీ ఒంటెద్దు మనిషి. అప్పటికే ఆయన భార్య చేతులు దద్దుర్లతో వాచి ఉన్నాయి. ఆ సాయంత్రమే అందరినీ కూర్చోబెట్టి, సారు చెప్పింది నిజమైతే ఈ ఏటి నుంచి తీజ్ బంద్ అన్నాడు. పండగకు పన్నెండు రోజులే ఉంది. జమ్లీ కూతురు తార ఆ ఏడే మొదటిసారి బుట్ట పట్టాలి. ఆ పిల్ల ఏడాదిగా పాటలు నేర్చుకుంటోంది. తల్లి పక్కన కూర్చున్న తార మొహం చూడలేక నేను నా చెప్పులకేసి చూసుకున్నాను. జమ్లీ నిజం వెతికింది తీజ్‌ను ఆపడానికి కాదు. నేను దాన్ని తెచ్చి ఆమె నెత్తినే కొట్టాను.

ఆమె లేచింది. అప్పటిదాకా మాటలు లంబాడీలో నడుస్తుంటే పక్కనున్న కుర్రాడు నాకు తెలుగులో చెబుతున్నాడు. నాకూ నేరుగా వినపడాలనేమో, ఆమె తెలుగులోనే అంది.

"నేను గీ తండాకు కోడలిగ వచ్చిన ఏడు, పిల్లలు గోధుమల కోసం సూర్యాపేట దాంక నడిచి ఇల్లిల్లూ అడిగేటోళ్ళు. గంత దూరమెందుకు, లారీని ఆపుండ్రి అని నేర్పింది నేనే. తప్పు నాది, పండగది గాదు."

పద్దెనిమిదేళ్ళ కిందటి మాట అది. ఆమె చెప్పకపోతే ఎవరికీ గుర్తు రాదు. ఆమె ఇంకా చెప్పింది. గింజను జల్లించనియ్యకపోతే వద్దు, మొలిచినాకే కలుపు తీద్దాం. పొలంలో తీస్తున్నాం, బుట్టలో తీయలేమా? బాల్యా ఒప్పుకోలేదు. బుట్టలో మొలిచింది ఏదైనా దేవిదే, తొమ్మిదో రోజు దాకా పీకితే అరిష్టం, పైగా పెళ్ళైన ఆడది బుట్టను ముట్టనే కూడదు. నేను ముట్టను, పిల్లలకు నేర్పుతాను, అంది జమ్లీ. పీకేటప్పుడు ఒక్క గోధుమ మొలక వాలినా అక్కడికక్కడే పండగ ఆపమంది. బాల్యా చాలాసేపు బీడీ తాగి, చివరికి సరే అన్నాడు.

ఆ పన్నెండు రోజులూ జమ్లీ ఇంటి ముందు బడి నడిచింది. పాత చాటలో మన్ను పోసి, ఏవేవో గింజలు మొలిపించి, తొమ్మిది మంది ఆడపిల్లలకు రెండువేళ్ళతో కలుపు పట్టడం నేర్పింది. గోధుమ సూదిలా లేస్తుంది, వయ్యారిభామ రెండు గుండ్రటి ఆకులు విప్పుకుని లేస్తుంది. అంతే పాఠం. నేను అరగంట చెప్పినదానికన్నా అదే మేలు. గడ్డపారలాంటి చేత్తో పీకుతున్నావని ఒక పిల్లను, నిద్రపోతున్నావా అని ఇంకో పిల్లను తిడుతూనే ఉండేది. తారను అందరికన్నా ఎక్కువ తిట్టింది.

ఎప్పట్లాగే లారీల దగ్గర అడిగి తెచ్చిన గోధుమలతో తీజ్ మొదలైంది. ఏడో రోజు సాయంత్రం నేనూ వెళ్ళాను. బుట్టల్లో గోధుమ మొలకలు నాలుగేసి వేళ్ళ ఎత్తు లేచి నిలబడ్డాయి. పిల్లలు మంచె చుట్టూ పాడుతున్నారు. ఉన్నట్టుండి తార పాట ఆపింది. ఆమె బుట్టలో, సరిగ్గా మధ్యన, రెండు గుండ్రటి ఆకులు.

తండా అంతా మంచె చుట్టూ మూగింది. బాల్యా ముందుకొచ్చి నిలబడ్డాడు. ఆ మొలక చుట్టూ గోధుమలు ఎంత ఒత్తుగా ఉన్నాయంటే, వేలు దూరే సందు కూడా లేదు. జమ్లీ బుట్టకు మూరెడు దూరంలో ఉంది. జీవితమంతా కలుపు పీకిన చేతులు ఆమెవి. ఇప్పుడు వాటిని వెనక్కి కట్టుకుని నిలబడింది. ఆ వేళ్ళు ఒకదాన్నొకటి పట్టుకుని నలుపుకోవడం వెనక ఉన్న నాకు కనిపించింది. తార తల్లివైపు చూసింది. జమ్లీ తల కూడా ఊపలేదు.

తార కళ్ళు మూసుకుంది. రెండువేళ్ళు మొలకల మధ్యకు దించి, మట్టిని కాస్త తడిమి, పైకి తీసింది. వేళ్ళ మధ్య రెండాకుల మొలక, దాని కింద దారంలాంటి వేరు, తెగకుండా. బాల్యా వంగి బుట్టను ఒక పక్క నుంచి, ఇంకో పక్క నుంచి చూశాడు. ఒక్క గోధుమ కూడా వాలలేదు. ఆయన వెనక్కి జరిగి, పాట ఎందుకాపారని పిల్లలను గదమాయించాడు.

ఇక చూడాలి ఆ గోల! తొమ్మిది బుట్టల మీదా తొమ్మిది జతల చేతులు పడ్డాయి. పాట పాటే, కలుపు కలుపే. తొమ్మిదో రోజుకు ముప్పై ఏడు మొలకలు తీసి పొయ్యిలో వేశారు. బుట్టలు చెరువులో కలిసే వేళ జమ్లీ కట్ట మీద కూర్చుని ఏడ్చింది. నాకూ కళ్ళు తడిశాయి. దాచుకోలేదు.

మరుసటి ఏడు వానలు పడ్డాక ఆమె కిటికీ దగ్గరికి వచ్చి, బండి తియ్యి సారూ, గరిడేపల్లి పోవాలె, అంది. దారిలో ఎందుకో చెప్పలేదు. చింతచెట్టు దగ్గర దిగమంది. చెట్టు చుట్టూ తెల్లటి పూలు, మోకాలెత్తున.

"గీడ లారీ ఆగదు. గీడ తీజ్ లేదు. మరి గిదెట్ల వచ్చింది సారూ?"

చేతిసంచి గుర్తొచ్చింది. ఎండిన పూలు గుర్తొచ్చాయి. ఇదే చెట్టు కింద నేను దాన్ని ఊపి ఊపి చూపించడం, రైతులు చప్పట్లు కొట్టడం గుర్తొచ్చాయి. ఏదో ఒకటి అనొచ్చు, గాలి అనొచ్చు. కానీ ఎదురుగా ఉన్నది, పద్దెనిమిదేళ్ళ నాటి తప్పును తండా అందరి ముందూ ఒప్పుకున్న మనిషి. నేనే జమ్లమ్మా, అన్నాను.

ఆమెకు ముందే తెలుసు. నడుముకు చుట్టుకున్న పాతగుడ్డలు రెండు తీసి, చేతులకు చుట్టుకోమని నాకిచ్చింది.

"మా బుట్టలది మేం ఏరుకున్నం. ఇది నీ సంచిలది."

ప్యాంటు మడిచి కూర్చున్నాను. ఆమె చెట్టు నీడలో నిలబడింది కానీ చెయ్యి వెయ్యలేదు. నేను మొదటి మొక్క పీకి, గర్వంగా పైకెత్తి చూపించాను. వేరు తెగింది సారూ, మళ్ళీ తవ్వు, అంది.