కవరు సంగతి చెప్పిన విలేకరి

మా ఊరి విలేకరి గారు పోయారని మొన్న సోమవారం పొద్దున్న, తిరువూరు బస్టాండు దగ్గర పేపర్ల కట్టలు విప్పుతుండగా తెలిసింది. పక్కనున్న టీ కొట్టాయన వచ్చి చెప్పాడు. "నిద్రలోనే పోయారంట. ఎవరినీ ఇబ్బంది పెట్టలా," అన్నాడు. పేపర్లు వేయాల్సిన ఇళ్ళకు వేసి, అప్పుడు వెళ్ళాను. ఆయన ఉంటే అలాగే చేయమనేవారు.

నేను బడికి పెద్దగా వెళ్ళినవాణ్ణి కాదు. నేను అమ్ముకునే పేపర్లలోనే చదవడం నేర్చుకున్నాను. ఏ రోజు లెక్క ఆ రోజు రాసుకోవడం తప్ప నాకు రాయడం అలవాటు లేదు. ఈ నాలుగు మాటలు ఎందుకు రాస్తున్నానో చివర్లో మీకే తెలుస్తుంది.

విలేకరి గారు రోజూ సాయంత్రం నా పేపర్ల కొట్టు ముందు బల్ల మీద కూర్చుని వార్తలు రాసేవారు. మనిషి సన్నగా ఉండేవారు. చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్నులు. ఒకటి ఆగిపోతే రెండోది తీసేవారు కాదు, మొదటిదాన్నే విదిలించి రాసేవారు. "రెండోది దేనికండీ మరి?" అంటే, "ధైర్యానికయ్యా," అనేవారు.

ఆయన్ని తెలిసినవాళ్ళందరికీ ఆయన రెండు పట్టింపులు తెలుసు. ఎవరి మాటైనా రాస్తే, పంపే ముందు వాళ్ళకు చదివి వినిపించేవారు. "నువ్వన్నది ఇదేనా?" అని అడిగేవారు. అవునంటేనే పంపేవారు. రెండోది, కేసుల్లో ఉన్నవాళ్ళతో మాట్లాడేటప్పుడు టీ కూడా ఇప్పించేవారు కాదు, వాళ్ళిస్తే తాగేవారు కాదు. టీ కొట్టాయన ఎగతాళి చేసేవాడు: "ఈ సారుతో వస్తే ఎవరి చిల్లర వాళ్ళు తెచ్చుకోవాలయ్యో! రేపు ఆయన కూతురి పెళ్ళికి విస్తరి కూడా మనమే పట్టుకెళ్ళాలేమో." విలేకరి గారు నవ్వేవారు. పట్టింపు మాత్రం వదల్లేదు.

ఈ పట్టింపులు మొదటినుంచీ ఉన్నవి కావు. అవి ఎలా వచ్చాయో నాకు తెలుసు.

చాలా ఏళ్ళ కిందట గంపలగూడెం వైపు ఒక ఊళ్ళో పొలం గట్టు తగాదాలో ఒక కుర్రవాణ్ణి పొడిచి చంపారు. తల్లికి ఒక్కడే కొడుకు. ఆమె పత్తి తీతకు, నాట్లకు వెళ్ళే కూలిమనిషి. పొడిచినవాడని పోలీసులు పట్టుకున్న మనిషి చేలోంచి పరిగెత్తి పోతుండగా చూసినవాడు ఒక ఆటో డ్రైవరు. కేసులో అతనొక్కడే సాక్షి. అప్పుడు మా విలేకరి గారు ఒక పెద్ద పేపర్లో పనిచేసేవారు. డ్రైవరు ఇంకే పేపరుతోనూ మాట్లాడకుండా చూడమని పై ఆఫీసు వాళ్ళు ఒక కవరులో డబ్బు పెట్టి పంపారు. శిక్ష పడితే, అతని కథ పెద్దగా వేసి, ఇంకో కవరు ఇస్తామన్నారు.

ఆ కవరు నా కొట్లోనే చేతులు మారింది. విలేకరి గారు మంచి మనసుతోనే ఇచ్చారు. "పాపం, బండి ఆపుకుని కోర్టు చుట్టూ తిరుగుతున్నాడయ్యా. పేపరు వాళ్ళు ఇస్తామంటే మనమెందుకు అడ్డం?" అన్నారు. అది తప్పని నాకు ఎక్కడో అనిపించింది. కానీ నేను నోరు విప్పలేదు.

విజయవాడ కోర్టులో డ్రైవరు సాక్ష్యం చెప్పిన రోజు విలేకరి గారు వెనక బెంచీలో కూర్చున్నారట. సాయంత్రం బస్సు దిగి నేరుగా నా దగ్గరికి వచ్చారు.

"డ్రైవరు చూసింది వాడు పరిగెత్తడం ఒక్కటేనయ్యా. నాకు మూడుసార్లు అదే చెప్పాడు. ఇవాళ బోనులో నిలబడి, పొడవటం కూడా చూశానన్నాడు."

"ఎందుకట్టా అన్నాడండీ?"

"బస్సులో అడిగా. 'శిక్ష పడాలి గదా సార్, అందుకని కాస్త గట్టిగా చెప్పా. తప్పా?' అన్నాడు. వాడికి తప్పని కూడా తెలీదు. వాడితో ఆ మాట అనిపించింది నేనిచ్చిన కవరే."

"చెబితే కేసు పోద్ది. నువ్వేమంటావు?" అని అడిగారు. నేనప్పుడూ మిగిలిన పేపర్లు లెక్కపెడుతూ ఉండిపోయాను. ఆ మౌనం నాకు ఇప్పటికీ బరువుగానే ఉంది.

మర్నాడు మొదటి ఆటోకు ఆయన ఆ తల్లి దగ్గరికి వెళ్ళారు. కవరు సంగతి అందరికంటే ముందు ఆమెకే చెప్పారు. ఆ తర్వాతే ప్రభుత్వ వకీలుకు చెప్పారు, కోర్టులోనూ చెప్పారు. చివరికి డ్రైవరు నిజంగా చూసినదాన్ని కూడా కోర్టు నమ్మలేదు. ముద్దాయిని విడిచిపెట్టారు. పేపరు వాళ్ళు విలేకరి గారిని తీసేశారు. తర్వాత ఆయన ఒక చిన్న పేపర్లో చేరి చివరిదాకా అందులోనే పనిచేశారు. "చూసినవాడి చేతిలో డబ్బు పెడితే, చూడనిది కూడా చూస్తాడయ్యా," అనేవారు. కొత్తగా వచ్చిన విలేకర్లకు ఆయన చెప్పిన పాఠం అదొక్కటే.

తీర్పు వచ్చిన వారానికి ఆ తల్లి బస్టాండుకు వచ్చింది. "నీ పేపరు పాడుగాను! నా కొడుకుని వాడొకసారి చంపితే నువ్వు రెండోసారి చంపావు గదయ్యా!" అని అందరి ముందూ అరిచింది. విలేకరి గారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆమె వంగి గుప్పెడు మన్ను తీసింది. నేను తల దించేసుకున్నాను.

మొన్న బుధవారం ఆమె మళ్ళీ నా కొట్టుకు వచ్చింది. ముసలిదైపోయింది. "ఆయన గురించి ఏం రాశారో చదువు బాబూ," అంది. చదివాను. నాలుగు లైన్లు. ఊరు, వయసు, భార్య, కూతురు.

"నా కొడుకు కేసు సంగతి రాయలేదా?"

"లేదమ్మా."

"ముందు నా గడపకొచ్చి చెప్పాడు గదా. అదీ లేదా?"

"అదీ లేదు."

"మరి నువ్వు రాయి. అప్పుడు నువ్వున్నావు గదా."

రాశాను. అచ్చుకు ఇచ్చే ముందు, ఆయన పద్ధతి ప్రకారం, వాళ్ళ ఊరు వెళ్ళి ఆమెకు చదివి వినిపించాను. అంతా కదలకుండా విన్నది. "ఇదేనా అమ్మా?" అని అడిగాను.

"నేను ఆయన ముఖాన మన్ను కొట్టానని రాశావే. నువ్వు చూశావా?"

చూడలేదు. తల దించుకున్నాను కాబట్టి, కొట్టే ఉంటుందనుకుని రాసేశాను. నాకు ఎవరూ కవరు ఇవ్వలేదు. అయినా చూడనిది చూసినట్టు రాశాను. ఆ వాక్యం ఆమె ఎదుటే కొట్టేశాను.

"కొడదామనే తీశాను," అంది. "ఆయన పక్కకు తప్పుకోలా. కళ్ళు కూడా మూసుకోలా. అట్టాగే నిలబడ్డాడు."

అని, కుడిచెయ్యి ముందుకు చాచి, గుప్పిట బిగించి, మన్ను జారవిడుస్తున్నట్టు ఒక్కొక్క వేలే మెల్లగా విప్పింది.