టేపు కదలలేదు

పదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. మీరు నన్ను ఎరుగరు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పుడు ఆత్మకూరులో ఒక చిన్న ఆసుపత్రిలో ఫిజియోథెరపీ చేసేవాణ్ని. ఉదయగిరి నుంచి ఖాదర్‌బీ అనే పెద్దావిడ కూతురితో వచ్చింది. ఇంట్లో కూర్చుని చెక్క గరిటెలను ఉప్పుకాగితంతో నున్నగా రుద్దడం ఆమె పని. పొడిదగ్గు, ఆయాసం. ఊపిరి పీల్చినప్పుడు ఛాతీ ఎంత విచ్చుకుంటుందో కొలవమన్నాడు డాక్టరు.

నర్సమ్మ అన్నానికి వెళ్లింది. కూతురు బయట చీటీ కోసం నిలబడింది. టేపును ఒంటికి ఆనించి చుట్టాలి. ఆమె కొంగు బిగించి పట్టుకుంది.

"పైన్నించే చూడు నాయనా. సిగ్గుగా ఉండాది."

"సరేలేమ్మా. గట్టిగా పీల్చు."

పీల్చింది. మెడనరాలు పైకి లేచాయి. టేపు కదలలేదు.

"మళ్లీ పీల్చేదా?"

"వద్దులేమ్మా."

చీర మడతల వల్ల అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? నర్సమ్మ వచ్చాక సరిగ్గా కొలిపిస్తే నా సొమ్మేం పోయేది? మగవాళ్లకన్నా ఆడవాళ్లకు కాస్త తక్కువ విచ్చుకుంటుందని, వయసు మీదపడేకొద్దీ ఇంకా తగ్గుతుందని చదువుకున్నవాణ్ని, తగ్గడమంటే బొత్తిగా కదలకపోవడం కాదని కూడా తెలిసినవాణ్ని, డాక్టరు దగ్గరికెళ్లి నాలుగు సెంటీమీటర్లని, ఆడమనిషికి ఆ వయసులో అది మామూలేనని చెప్పాను. ఆయన దగ్గుమందు రాసి పంపించేశాడు.

ఏడాది తిరక్కుండా ఆమెను నెల్లూరు తీసుకెళ్లారు. ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయన్నారు. బతకలేదు.

తర్వాత ఒకసారి కూతురు బస్టాండులో నన్ను గుర్తుపట్టింది. "మీరు కొలిచినప్పుడు బాగానే ఉండింది గదా సార్? ఆ తర్వాత నేనే అశ్రద్ధ చేసినాను. అమ్మ ఆయాసమంటే వయసులేమ్మా అన్నాను" అని ఏడ్చింది.

అవునన్నాను. బాగానే ఉందన్నాను.

మొదటిది పిరికితనం. ఈ రెండోదాన్ని ఏమనాలి? ముందే తెలిసినా ఆమె బతికేదో లేదో నాకు తెలియదు. ఇన్నాళ్లూ ఆ సందేహం చాటునే దాక్కున్నాను. నిజం చెప్పేద్దామని ఒకసారి ఉదయగిరి బస్సెక్కాను, మధ్యదారిలో దిగేశాను. చేతకానివాణ్ని.

ఆలస్యం చేసింది ఆ పిల్ల కాదు. నేను. ఇది రాశాక నా గుండె కొంచెం తేలికపడింది. ఆ పిల్ల మాత్రం నా తప్పును తనదనుకుని ఇంకా మోస్తూనే ఉంది.