క్యారియరు లేని సైకిలు

2023 చివర్లో, పత్తి లారీలతో రోడ్లు నిండిపోయే రోజుల్లో, నందిగామలోని నా సైకిల్ షాపు ముందు ఒక ఆటో ఆగింది. అందులోంచి డేవిడ్ మాస్టారు దిగారు. హైస్కూల్లో సోషల్ చెప్పి, జబ్బు వల్ల ముందుగానే రిటైరైన మనిషి. ఆయన భార్య రూతు గారు చేతికర్ర అందించారు. ఆటో నుంచి నా షాపు గుమ్మం ఎంతో దూరం లేదు. అయినా మాస్టారి పాదాలు నేలకు అతుక్కుపోయినట్టు మధ్యలోనే ఆగిపోయాయి. పార్కిన్సన్స్ అని రూతు గారు మెల్లగా చెప్పారు. అడుగు వెయ్యమని మనసు చెబుతుందట, కాళ్ళు వినవట.

కుర్చీలో కూర్చున్నాక ఆయన తనకేం కావాలో చెప్పారు.

"మొదట్లో గేర్ల సైకిళ్ళు వచ్చాయి చూడు, లావు టైర్లవి. మౌంటెన్ బైకనేవాళ్ళు. ఊదారంగుది కావాలయ్యా. జగ్గయ్యపేటలో కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు తొక్కేవాణ్ణి."

"ఎవరికండి?"

"నాకే."

రూతు గారు విసుక్కున్నారు. "నడవలేని మనిషి సైకిలు తొక్కుతారంట. పడితే తుంటి విరుగుద్ది. మీరైనా చెప్పండి."

"డాక్టరు గారు తొక్కొచ్చన్నారుగా," అన్నారు మాస్టారు.

"ఖాళీ గ్రౌండులో, పక్కన మనిషుంటే అన్నారు."

"మనిషి ఉన్నాడుగా," అని ఆయన నన్ను చూపించారు.

తొక్కేదేదో కొత్తది తీసుకోవచ్చు కదా అని నేను వ్యాపారి బుద్ధితో అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "కొత్తవి నా కాళ్ళకి తెలియవయ్యా. నా మాట వినడం ఎటూ మానేశాయి. దాని మాటైనా వింటాయేమో చూద్దాం."

ఆ మాట తర్వాత కాదనలేకపోయాను. దొరకదని తెలిసే ఒప్పుకున్నాను. మా ప్రాంతంలో గేర్ల సైకిళ్ళన్నిటికీ ఒకే గతి పట్టింది. మొదట గేరు కేబులు బిగుసుకుపోయేది. మెకానిక్కు దగ్గరికి తెస్తే గేర్లు మొత్తం పీకేసి, వెనక ఒకే పళ్ళ చక్రం వేసి పంపేవాడు. తర్వాత స్టాండు, ఆ తర్వాత ఇనప క్యారియరు, దానికి అటూ ఇటూ పాల క్యాన్లు. చివరికి దాన్ని కొన్నవాడు కూడా గుర్తుపట్టలేడు. అలాంటి సైకిలు ఎదురైతే నాకు ఒళ్ళు మండేది. బంగారంలాంటి బండిని గాడిదను చేశారని తిట్టుకునేవాణ్ణి.

నాకు తెలిసిన మెకానిక్కులందరికీ ఫోన్లు చేశాను. ఊళ్ళలోని తుక్కు కొట్లు కూడా చూశాను. లాభం లేకపోయింది. సంక్రాంతి దాటాక ఏదో పనిమీద జగ్గయ్యపేట వెళ్ళి, టీ కొట్టు దగ్గర నిలబడితే ఒక పాలాయన వచ్చి సైకిలు ఆపాడు. నల్ల రంగు, పెద్ద క్యారియరు, రెండు క్యాన్లు. అలవాటుగా వెనక చక్రం వైపు చూశాను. ఇరుసు దగ్గర ఫ్రేముకు చిన్న చెవిలాంటి ముక్క ఉంది. దాన్ని హ్యాంగర్ అంటాం. గేర్లు మార్చే పరికరాన్ని దానికే బిగిస్తారు. టీ అక్కడే పెట్టేసి వంగి, సీటు కింద గోటితో గీకాను. నలుపు లేచిపోయి ఊదారంగు కనిపించింది.

"గేర్లేమయ్యాయండి?" అని అడిగాను.

"అయ్యెప్పుడో పీకిచ్చా. పాలు మోసేదానికి గేర్లెందుకండి?"

అతనికి పాలకు పనికొచ్చే గట్టి సైకిలు ఇచ్చి, దాన్ని తెచ్చుకున్నాను. గేర్ల సామాను విజయవాడలో పాత సరుకు అమ్మేవాళ్ళ దగ్గర వెతికి పట్టాను. రంగు గీకించి ఊదా వేయించాను. స్టాండూ క్యారియరూ విప్పి షాపు మూలన పడేశాను. మాస్టారి పాత సైకిలుకు అవి లేవు, ఉండకూడదు కూడా.

ఒక ఆదివారం, వాళ్ళ చర్చిలో ప్రార్థన అయ్యాక ముగ్గురం హైస్కూలు గ్రౌండుకు వెళ్ళాం. రూతు గారు కర్ర పట్టుకుని కళ్ళు మూసుకున్నారు. నేను మాస్టార్ని సీటు మీద కూర్చోబెట్టి, పాదం పెడల్ మీద పెట్టించి, చిన్నపిల్లలకు నేర్పినట్టు వెనక నుంచి తోశాను.

రెండు తొక్కులకే సీటు నా చేతిలోంచి జారిపోయింది. పట్టుకుందామని పరిగెత్తాను, అందలేదు. నా షాపు గుమ్మం దాకా నడవలేకపోయిన మనిషి గేరు మార్చి, మలుపులో ఒళ్ళు వాల్చి, గ్రౌండంతా తిరుగుతున్నారు. చేతుల వణుకు కూడా కనిపించలేదు. ముప్పై ఏళ్ళుగా సైకిళ్ళు బాగు చేస్తున్నాను, సైకిలంటే ఏమిటో అప్పటిదాకా నాకు తెలియనే తెలియదనిపించింది.

అవతలి కొసన వాలీబాల్ స్తంభం దగ్గర ఆయన బ్రేకు వేసి దిగారు. నవ్వుతూ మా వైపు తిరిగి అడుగు వెయ్యబోయారు. అడుగు పడలేదు. పాదాలు మళ్ళీ అతుక్కుపోయాయి. కర్ర చూస్తే ఇవతల రూతు గారి చేతిలో ఉంది.

"ప్రభువా," అంటూ ఆవిడ పరుగందుకున్నారు. వెనకే నేనూ పరిగెత్తాను. మేము సగం దూరం వెళ్ళేసరికి ఆయన ఆగమన్నట్టు చెయ్యెత్తారు. స్తంభం పట్టుకుని, సైకిలు వంచి, కాలు అటు వేశారు. స్తంభాన్ని ఒక్క తోపు తోసి బయల్దేరారు.

"మీరు రావద్దు, నేనే వస్తున్నా," అన్నారు.

ఒక్క అడుగు పడని చోటునుంచి గ్రౌండు దాటి మా దగ్గరికి వచ్చేశారు. రూతు గారు హ్యాండిలు గట్టిగా పట్టుకుని, పైట చెంగుతో కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత నా వైపు తిరిగారు.

"ఆ పాలాయన క్యారియరు పారేశారా?"

"లేదండి, షాపులో మూలన పడుంది."

"బిగించండి. కర్ర దానికి కట్టుకుంటారు. ఆయన అక్కడ, కర్ర ఇక్కడ అయితే ఎట్టా?"

మాస్టారు ఒప్పుకోలేదు. "క్యారియరు పెడితే నా పాత సైకిలు ఎట్టవుద్ది?"

"అది తొక్కినప్పుడు మీకు కర్ర లేదుగా," అన్నారావిడ.

ఆ సాయంత్రమే క్యారియరు బిగించాను. అప్పటినుంచి క్యాన్లతో, గంపలతో ఏ సైకిలు షాపుకొచ్చినా దాన్ని పాడు చేశారని అనుకోవడం మానేశాను. ముందు ఆ మనిషికి ఏం అవసరం పడిందో అడుగుతాను, తర్వాతే పానా పట్టుకుంటాను.