గుండె వేగానికి రామభజన

నిద్రమందును డాక్టరుగారే చుక్కచుక్కగా తగ్గించి మాన్పించి తొమ్మిది రోజులైంది. అప్పటి నుంచి నిద్ర లేదు, ఊరికే గుండె దడదడలాడుతోంది. ఈ సాయంత్రం రామభజనలోనూ అదే మొదలైంది. ఇంటికి పరుగెత్తి ఆ మందు సీసా తీద్దామనుకునేలోగా అత్తగారు నా చేతిలో భజన తాళాలు పెట్టారు. సిగ్గుతో తల వంచుకుని, గుండె ఎంత వేగంగా కొట్టుకుంటే అంత వేగంగా వాయించాను. దీపం చుట్టూ అడుగులేస్తున్న వాళ్ళంతా పరుగందుకున్నారు.

"ఓయమ్మా, కోడలా, మెల్లగా! నా కాళ్ళు ముసలివి!" అని భజన గురువుగారు రొప్పారు.

"పోయిన శనివారం మా ఆడవాళ్ళ తాళాలు నిద్రపోతున్నాయన్నారుగా గురువుగారూ! ఇదిగో, నిద్రే రానిదాన్ని తెచ్చాను," అన్నారు అత్తగారు.

అందరితో పాటు నేనూ పగలబడి నవ్వాను. పాట ముగిసేసరికి దడ తగ్గింది, సీసా సంగతే మరిచాను. మీలో ఎవరికైనా ఇలా దడ వస్తే ఏం చేస్తారో చెప్పండి. తాళాలు కావాలంటే మాత్రం ముందు గురువుగారి కాళ్ళను అడగండి.