ఎడమకాలు తమ్ముడిది

నా చిన్నప్పుడు మా తమ్ముడంటే నాకు ఒళ్లు మంట. వాడికంటే రెండేళ్లు పెద్దదాన్నయినా తాతయ్య పక్కన చోటు వాడిదే. మా ఇల్లు పులికాట్ సరస్సు ఒడ్డున. తాతయ్య పడవ దిగి రాగానే వాడు ఆయన కాళ్లు ఒళ్లో పెట్టుకుని, అరికాళ్లలో ముల్లో గుల్లో దిగిందేమోనని వెతికేవాడు. తాతయ్యకు షుగరు. కాళ్లకు స్పర్శ పోయింది, ఏం గుచ్చుకున్నా తెలిసేది కాదు. అప్పట్లో పల్లె మొత్తానికి ఆ జబ్బు ఆయనొక్కడికే ఉందనుకునేవాళ్లం.

ఆ పని నాకే కావాలని అలిగి అన్నం మానేశాను. తాతయ్య నవ్వి కాళ్లు పంచిపెట్టాడు. "కుడికాలు నీది, ఎడమకాలు తమ్ముడిది. ఇంక కొట్లాడుకోబాకండి."

అయినా నా కడుపుమంట చల్లారలేదు. తమ్ముడి చేతులు మెత్తగా ఉంటాయని ఆయన మెచ్చుకునేవాడు. స్పర్శే లేని కాలికి మెత్తదనం ఎలా తెలిసిందో అని ఉడికిపోయేదాన్ని.

ఒకరోజు తమ్ముడు ఆటకు పోయే తొందరలో పైపైన చూసి లేచిపోయాడు. ఎడమకాలి చిటికెనవేలి కింద ఆల్చిప్ప ముక్క నాకు కనిపించింది. నోరు మెదపలేదు. రేపు నాయనమ్మ చూసి వాణ్ణి తిడుతుంది, ఆ కాలు కూడా నాకే వస్తుంది అనుకున్నాను.

ఆ తర్వాత కూడా తమ్ముడు రోజూ ఆట తొందరలో పైపైనే చూశాడు. నాయనమ్మ చూసేసరికి నాలుగు రోజులైంది. చీము పట్టింది. ఆసుపత్రిలో రెండు వేళ్లు తీసేశారు.

తనే సరిగ్గా చూడలేదని తమ్ముడు వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను కోరుకున్నది అదే, కానీ చూడలేకపోయాను. తాతయ్య ఒంటరిగా ఉన్నప్పుడు నిజం చెప్పేశాను. ఆయన తిట్టలేదు. కట్టు కట్టిన కాలు నా ఒళ్లో పెట్టి, "రెండూ నా కాళ్లే గదమ్మా" అన్నాడు. ఆ సంగతి తమ్ముడికి ఆయనా చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

ఇప్పుడు మా వీధిలో షుగరు మాత్రలు లేని ఇల్లు వెతకాలి. మూడు పూటలా తెల్లన్నం, పడవకు తెడ్డు బదులు మోటారు, మాకైతే పైగా తాతయ్య రక్తం. నాకూ తమ్ముడికీ వచ్చింది. వాడు పంచదార కాఫీ తాగినా షుగరు నాకంటే తక్కువే. నాకు ఇప్పటికీ కుళ్లే.

రోజూ సాయంత్రం ఒకరి కాళ్లు ఒకరం చూసుకుంటాం. నేను ముందు వాడి ఎడమకాలే పట్టుకుంటాను. "అప్పుడు నేను బాగా చూసుంటే తాతయ్య వేళ్లు దక్కుండేవి గదక్కా" అంటాడు వాడు, ఈ వయసులోనూ.

నిజం నోటిదాకా వస్తుంది. వాడి వేళ్ల సందులు మళ్లీ ఒకసారి వెతుకుతాను.