రెఫరీ మీద హన్మంతు పెట్టిన నిఘా

పాల సీసా మూత తీసేముందు హన్మంతు తారీకు చూస్తాడు. మూత తీశాక వాసన చూస్తాడు. అప్పటికీ నమ్మకం కుదరకపోతే, ఆ పాలతో పెట్టిన చాయ్ భార్య విమల తాగి రెండు నిమిషాలు బాగానే ఉందని తేలాక తన కప్పు ఎత్తుతాడు. లీడ్స్‌కి వచ్చి పంతొమ్మిదేళ్ళయినా ఈ అలవాటు పోలేదు. హాస్పిటల్లో అతనిది పోర్టర్ ఉద్యోగం. రోగిని ట్రాలీ మీద తోసుకుపోతూ, లిఫ్ట్ తలుపు తెరుచుకోగానే గోడ మీద అంతస్తు నంబరు చదువుకుంటే తప్ప చక్రం ముందుకు కదపడు.

"గోడ గూడ అబద్ధం జెప్తదా?" అని అదే హాస్పిటల్లో నర్సుగా చేసే విమల నవ్వుతుంది.

"నంబరు రాసినోడు మనిషే గద," అంటాడు హన్మంతు.

అనుమానం అతనికి పుట్టుకతో వచ్చింది కాదు. హైదరాబాదులో కుర్రవాడుగా ఉన్నప్పుడు రోజూ పొద్దున్నే తాలీంకి, అంటే కుస్తీ నేర్పే గోదాకి, వెళ్ళేవాడు. నూనె, పసుపు కలిపి మెత్తగా తవ్విన ఎర్రమట్టిలో ఉస్తాద్ నేర్పినట్టు కుస్తీ పట్టేవాడు. ఇరవై రెండేళ్ళప్పుడు ఒక పోటీ పెట్టారు. గెలిచినవాడికి సర్కారు కొలువు ఇస్తామన్నారు. ఆఖరి పట్టులో అవతలివాడు హన్మంతును వెనక్కి విరిచాడు. ఒక భుజం మట్టికి తగిలింది, రెండోది ఇంకా బెత్తెడు పైనే ఉంది. అయినా రెఫరీ "చిత్" అని విజిల్ ఊదేశాడు. ఆ రెఫరీ అవతలివాడికి స్వయానా మేనమామ అని మర్నాడు తెలిసింది. కొలువు పోయింది. ఆ బెత్తెడు జాగా మాత్రం హన్మంతు బుర్రలో ఉండిపోయింది. తర్వాత విమలకు ఇక్కడ ఉద్యోగం వస్తే ఆమె వెంట విమానమెక్కి వచ్చాడు.

వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు నవదీప్ లీడ్స్‌లోనే పుట్టాడు. తెలుగు అంతా అర్థమవుతుంది, నోరు తెరిస్తే మాత్రం యార్క్‌షైర్ ఇంగ్లీషే. కాలేజీలో చేరిన రెండో వారం కుస్తీ క్లబ్బులో పేరు రాయించుకొని వచ్చాడు. హన్మంతు ఆదివారం గ్యారేజీలోంచి పాత సామానంతా బయటపెట్టి, నేల మీద మూడు పాత కార్పెట్లు ఒకదానిమీదొకటి పరిచాడు. అప్పటినుంచి ప్రతి ఆదివారం కొడుక్కి నేర్పేవాడు. నేర్పింది ముఖ్యంగా ఒకటే, ఆగడం.

"మీదికి ఉరికేటోడు పైల్వాన్ గాదు. వాన్ని రానియ్యి. అలిసిపోనియ్యి. తప్పు వాడు జేస్తడు, పట్టు నువ్వు పడ్తవ్," అనేవాడు. మట్టిలో ఆ పద్ధతికి తిరుగులేదు. అక్కడ గడియారం లేదు, అరగంటైనా గంటైనా ఎవరో ఒకరు చిత్ అయ్యేదాకా కుస్తీ నడుస్తుంది.

కాలేజీలో ఆరు నిమిషాలే. ఊరికే నిలబడ్డవాణ్ణి రెఫరీ హెచ్చరిస్తాడు. అప్పటికీ కదలకపోతే చాప మీద మోకాళ్ళూ చేతులూ ఆనించి కూర్చోబెట్టి, అవతలివాణ్ణి అతని వీపు మీద చేతులేసి మొదలుపెట్టమంటాడు. నవదీప్‌కి వరసగా రెండు పోటీల్లో ఇదే జరిగింది. రెండూ ఓడిపోయాడు. మార్చి నెలలో ఒకరోజు అన్నం తింటూ అసలు సంగతి చెప్పాడు. కోచ్ బ్యారీ హోల్రాయిడ్ పిలిచి, ఈ శనివారం కూడా అలాగే నిలబడితే వచ్చే నెల యూనివర్సిటీల ఛాంపియన్‌షిప్‌కి ఎనభై నాలుగు కిలోల్లో నీ బదులు కానర్‌ని పంపిస్తానన్నాడట.

హన్మంతు అన్నం ముద్ద కంచంలోనే వదిలేశాడు. "గదంత నాటకం. కానర్‌ను పంపాల్నని ముందే అనుకున్నడు. నీది నల్ల మొకమని వంక ఎతుకుతున్నడు."

"డాడ్, కానర్ ఈజ్ బ్లాక్."

"అయితే దీనెనక ఇంకేదో ఉన్నది."

విమల పప్పు గిన్నె అతని ముందుకు జరిపింది. "ఉన్నది. నెయ్యి ఉన్నది. ఏసుకొని తిను."

నవదీప్ నవ్వలేదు. "ఐ రియల్లీ వాంట్ టు గో, డాడ్," అన్నాడు. ఆ మాట అన్న తీరు హన్మంతుకు గుచ్చుకుంది. సర్కారు కొలువు పోటీకి ముందు వారం తనూ అమ్మ దగ్గర అదే గొంతుతో మాట్లాడాడు.

అందుకే ఆ శనివారం అతను సాక్ష్యం కూడబెట్టే పని పెట్టుకున్నాడు. హాస్పిటల్ డ్యూటీల రోటా కాగితం ఒకటి తీసి, వెనకవైపు మధ్యలో నిలువుగా గీత కొట్టాడు. ఒకవైపు ఎరుపు, అంటే నవదీప్ కాలేజీ. రెండోవైపు నీలం, అంటే మాంచెస్టర్ వైపునుంచి వచ్చిన కాలేజీ. రెఫరీ ఎవరిని హెచ్చరిస్తే ఆ వైపు ఒక గీత. సాయంత్రానికి ఎర్రవైపు నిండిపోతుంది. ఆ కాగితం జతచేసి కుస్తీ సంఘానికి లెటర్ రాస్తాడు.

స్పోర్ట్స్ హాల్లో అతనూ విమలా ముందు వరసలో కూర్చున్నారు. రెఫరీ పొట్టివాడు, జుట్టంతా నెరిసింది, ఒక ముంజేతికి ఎర్ర పట్టీ, ఇంకో ముంజేతికి నీలం పట్టీ. పోటీ మొదలవకముందే హన్మంతు అతన్ని పట్టేశాడు.

"అగో, సూడు. అవతలి కోచ్‌తోని చాయ్ తాగుతున్నడు."

"నువ్వు వార్డు సిస్టర్‌తోని తాగవా? ఆమెతోని గూడ ఏమన్న కుట్రనా?" అంది విమల.

"నేను రెఫరీని గాదు."

రెండే కాలేజీలు, ఏడు బరువులు. ఒక్కో బరువుకి ఇటునుంచి ఒకరు, అటునుంచి ఒకరు. ఎక్కువ కుస్తీలు గెలిచిన కాలేజీది ఆ రోజు. వరస కోసం చీటీలు తీస్తే తొంభై ఆరు కిలోలది మొదటికి, నవదీప్‌ది ఆఖరికి వచ్చింది. అదీ కావాలనే చేశారనుకున్నాడు హన్మంతు.

మొదటి కుస్తీలో ఇద్దరు లావుపాటి కుర్రాళ్ళు తలలు ఆనించుకొని ఎడ్లలాగా నిలబడిపోయారు. రెఫరీ నీలం చెయ్యి ఊపి "యాక్షన్, బ్లూ!" అన్నాడు. హన్మంతు నీలం వైపు గీత పెట్టాడు. మొదట్లో మంచివాడిలా నటిస్తాడు, తెలిసిందే. రెండో కుస్తీలోనూ నీలానికే పడింది. మూడోదాంట్లో ఎరుపుకి ఒకటి. "మొదలువెట్టిండు," అన్నాడు విమల చెవిలో. నాలుగోదాంట్లో మళ్ళీ నీలానికి రెండు. ఐదోది యాభై ఐదు కిలోలు. దాంట్లో ఎవరికీ ఏమీ పడలేదు.

ఆ ఐదోదాంట్లో నీలం కుర్రాడు బక్కగా, పాలిపోయి, చెవులు పెద్దగా ఉన్నాడు. మట్టిలో అయితే ఉస్తాద్ వాణ్ణి నీళ్ళు మోయడానికి పెట్టేవాడు. ఆటలో మాత్రం వాడి చేతులు ఒక్క చోట ఆగలేదు. ఎర్రకుర్రాడి మణికట్టు పట్టాడు, వదిలాడు, మెడ మీద చెయ్యేసి కిందికి లాగాడు, వాడు తల పైకి ఎత్తగానే కాళ్ళలోకి దూరాడు. కాలు దొరకలేదు. లేచి, ఊపిరైనా తీసుకోకుండా మళ్ళీ నుదురు వాడి ఛాతీకి ఆనించి నెట్టాడు. రెండోసారి కాలు దొరికింది. పడేశాక, పాయింటు వచ్చిందా లేదా అని పాయింట్లు రాసేవాళ్ళ బల్లవైపు చూడలేదు, అప్పుడే నడుము చుట్టూ చేతులు బిగించి తిప్పడం మొదలుపెట్టాడు. చాప దాటి బయటపడితే, రెఫరీ పిలవకముందే ఉరికొచ్చి మధ్యలో నిలబడి, ఎర్రకుర్రాడు నడిచి వచ్చేదాకా కాలు మార్చి కాలు మీద ఎగురుతున్నాడు.

వాడి ముఖంలో కోపం ఉందేమోనని హన్మంతు ముందుకు వంగి వెతికాడు. లేదు. బస్సు వెళ్ళిపోతుందేమోనన్న తొందరలాంటిది ఉంది, అంతే. చివరికి ఆ బక్కవాడు ఓడిపోయాడు కూడా, ఎర్రవాడు మొండిగా ఒక్క దెబ్బకి ఎత్తి పడేశాడు. కాని ఆరు నిమిషాల్లో ఎక్కువసేపు ఎర్రవాడు వెనక్కే నడిచాడు.

ఇద్దరూ మాటిమాటికీ ఆగిపోయిన ఆరోదీ అయిపోయాక హన్మంతు కాగితం చూశాడు. నీలం వైపు ఏడు గీతలు, ఎరుపు వైపు మూడు. ఒకసారి లెక్కపెట్టాడు. కాగితం తిప్పి మళ్ళీ లెక్కపెట్టాడు.

"నేనేమన్న ఇడిసిపెట్టిన్నా?" అని విమలనడిగాడు.

"రెప్ప గొట్టకుంట జూసినవ్. ఏం ఇడుస్తవ్?"

ఎవరెవరికి పడ్డాయో గుర్తుచేసుకున్నాడు. ఆగినవాళ్ళకి పడ్డాయి. తెల్లవాళ్ళకీ పడ్డాయి, అవతలి కోచ్‌తో చాయ్ తాగినా అవతలివాళ్ళకే ఎక్కువ పడ్డాయి. రెఫరీలో ఇంకేదైనా మోసం ఉందేమోనని మనసు అటూ ఇటూ తిప్పి చూశాడు. దొరకలేదు. అది దొరకకపోవడం అతనికి సంతోషం ఇవ్వలేదు. మోసం రెఫరీది కాకపోతే, నవదీప్ రెండు ఓటములూ ఎవరి ఖాతాలోకి వెళ్ళాలి?

ఆలోచన తెగకముందే నవదీప్ చాపెక్కాడు. అప్పటికి రెండు కాలేజీలూ మూడేసి గెలిచి సమానంగా ఉన్నాయి. విజిల్ మోగింది. నవదీప్ మోకాళ్ళు కొద్దిగా వంచి, రెండు చేతులూ ముందుంచి నిలబడ్డాడు. చూడముచ్చటగా నిలబడ్డాడు, గ్యారేజీలో నేర్పినట్టే, గోడలా. నీలం కుర్రాడు తోశాడు, లాగాడు, గోడ కదల్లేదు. కదలడమే లేదు.

"యాక్షన్, రెడ్!"

హన్మంతు చేతిలో పెన్ను ఉంది. గీత పెట్టలేదు. ఇంకో అర నిమిషం గడిచింది. రెఫరీ ఎర్ర చెయ్యి ఎత్తి నవదీప్‌ని చాప మీద కూర్చోబెట్టాడు. నీలంవాడు వెనకనుంచి నడుము పట్టి ఒక్క గుంజు గుంజి తిప్పేశాడు. రెండు పాయింట్లు. మూడు నిమిషాలు అయ్యాయి, మధ్యలో అర నిమిషం విరామం.

నవదీప్ చాప మూలకి వచ్చి నిలబడ్డాడు. కోచ్ బ్యారీ తువ్వాలుతో వాడి ముఖం తుడుస్తూ ఏదో చెబుతున్నాడు. వాడు వినడం లేదు. ఆయన భుజం మీదుగా ముందు వరసలో ఉన్న తండ్రిని చూస్తున్నాడు. ఎప్పుడూ అంతే. హన్మంతు కళ్ళతోనే చెబుతాడు, ఆగు, ఇంకా ఆగు అని, వాడు ఆగుతాడు. బ్యారీ మాట ఆపేసి తనూ వెనక్కి తిరిగాడు. ఆయన చూపులో కోపం కూడా లేదు, అలసట ఉంది.

హన్మంతు లేచి నిలబడ్డాడు. హాలంతా వినబడేలా తెలుగులో అరిచాడు.

"నా దిక్కు జూడకు! నాకు దెల్వది! ఆయన దిక్కు జూడు!"

విమల తలెత్తి అతన్ని చూసింది. ఇరవై మూడేళ్ళ కాపురంలో "నాకు దెల్వది" అన్న మాట ఆమె ఎప్పుడూ వినలేదు.

నవదీప్ మెల్లగా ముఖం బ్యారీ వైపు తిప్పాడు. ఆయన రెండు పాయింట్లేనన్నట్టు రెండు వేళ్ళు చూపించి, గబగబా నాలుగు మాటలు చెప్పాడు. విజిల్ మోగగానే నవదీప్ అడుగు ముందుకు వేశాడు. మొదటి దూకుడు గుడ్డిగా ఉంది, కాలు దొరకలేదు, ముక్కు చాపకి రాసుకుంది. లేచి మళ్ళీ వెళ్ళాడు. మెడ మీద చెయ్యి, మణికట్టు మీద చెయ్యి, నుదురు ఛాతీ మీద. నీలంవాడు ఒక అడుగు వెనక్కి వేశాడు, తర్వాత ఇంకొకటి. మూడోసారి వాడి కాలు నవదీప్ చేతుల్లో ఉంది. ఒక పాయింటు. చాప అంచున వాణ్ణి బయటికి నెట్టి తనూ బయటపడ్డాడు. నవదీప్ ఉరికొచ్చి మధ్యలో నిలబడ్డాడు. ఇంకో పాయింటు. రెండు, రెండు. విమల లేచి నిలబడి "పో బిడ్డా, పో!" అని అరుస్తోంది. హన్మంతు రెండు చేతులూ తొడల కింద పెట్టుకొని కూర్చున్నాడు, అవి పొరపాటున ఆగమని సైగ చేస్తాయేమోనని.

ఇరవై సెకన్లు ఉన్నాయనగా నవదీప్ ఆయాసంతో తల వంచుకొని దూకాడు. నీలంవాడు పక్కకి తప్పుకొని వెనక్కి చేరాడు. మూడు, రెండు. అయిపోయింది. నవదీప్ ఓడాడు, కాలేజీ ఓడింది.

అందరూ చాపలు మడుస్తుంటే బ్యారీ వాళ్ళ దగ్గరికి వచ్చాడు. "వచ్చే నెల నవదీపే వస్తాడు," అన్నాడు.

హన్మంతు కళ్ళు చిట్లించాడు. "ఓడిపోయాడు కదా. ఓడినవాణ్ణి ఎందుకు తీసుకుపోతున్నారు?"

"ఇగ ఆపు," అంది విమల తెలుగులో, పళ్ళ మధ్యనుంచి.

"ఆఖరి మూడు నిమిషాలు వాడు పట్టిన తీరుకి. నేను ఇన్ని నెలలుగా అడుగుతున్నది అదే. కానర్‌కి కూడా చెప్పాను, ఒప్పుకున్నాడు," అని, బ్యారీ కొంచెం ఇబ్బందిగా చెవి రుద్దుకున్నాడు. "ఒక్క షరతు. మీరు తప్పకుండా రావాలి. కాని వాడికి కనబడని చోట కూర్చోవాలి."

హన్మంతు ఇందులో కుట్ర ఎక్కడుందో వెతికాడు. కొడుకు కుస్తీ పట్టే చోట తండ్రి కనబడకూడదు. అంతకంటే అవమానం ఏముంటుంది? నవదీప్ కాస్త దూరంలో బూట్ల తాళ్ళు విప్పుకుంటూ ఇటే చెవి పెట్టాడు. తల మాత్రం ఎత్తలేదు.

"ఎంత దూరం?" అన్నాడు హన్మంతు.

"మీరే చూసుకోండి," అని బ్యారీ వెళ్ళిపోయాడు.

హాలు ఖాళీ అయింది. హన్మంతు నవదీప్‌ని నేల మధ్యలో నిలబెట్టి, తను రెండో వరసలోకి వెళ్ళి కూర్చున్నాడు.

"కనబడుతున్ననా?"

"ఐ కెన్ సీ యూ, డాడ్."

ఇంకో నాలుగు వరసలు వెనక్కి వెళ్ళాడు.

"ఇప్పుడు?"

"యువర్ బాల్డ్ స్పాట్‌స్ షైనింగ్."

విమల కడుపు పట్టుకొని నవ్వింది. హన్మంతు లేచి, కుప్పగా పేర్చిన చాపల వెనక, ఫైర్ డోర్ పక్కన ఉన్న కుర్చీలో కూర్చున్నాడు. అక్కడినుంచి అతనికీ ఏమీ కనబడదు, చాపల అంచూ, పైన ఒక ట్యూబులైటూ తప్ప.

"ఇప్పుడు?"

"నో. కాంట్ సీ యూ."

తర్వాత చాపల వెనకనుంచి హన్మంతు గొంతు వచ్చింది.

"నిజంగనే కనబడ్తలేనా? లేకుంటే ఆకలైతున్నది, ఇంటికి పోవాల్నని గట్లంటున్నవా?"